మావారిని అడిగి చెబుతాను

అత్తయ్యగారికి నమస్కారాలతో మీ కోడలు రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే, వేళకు తింటున్నాను, ఆఫీసుకు వెళ్ళి వస్తున్నాను, దగ్గు తగ్గింది. అక్కడ మీరూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని మీ ఉత్తరం వల్ల తెలిసింది. కంటి ఆపరేషన్ తర్వాత మీ అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి కానీ వరుసలు మాత్రం మీరు మిషన్ మీద వేసిన కుట్టులా తిన్నగానే ఉన్నాయి. ఫోన్‌లో మాట్లాడేస్తే మళ్ళీ తీసి చదువుకోడానికి ఏం మిగులుతుంది అంటారు కదా మీరు. నిజమే. మీ ఉత్తరం తీసి తీసి చదివాను, మడతల దగ్గర కాగితం మెత్తబడింది.

వచ్చే వేసవిలో, నేను పోయినసారి వెళ్ళిన టూర్ గ్రూపు మళ్ళీ విదేశానికి వెళ్తుంటే నాతోపాటు మీరూ వస్తానని రాశారు. "డెబ్బై దాటినదాన్ని, నన్ను ఈడ్చుకు తిరగగలవా, ముందే చెప్పు. తర్వాత నడిరోడ్డు మీద మొహం ముడుచుకుంటే నేనూరుకోను" అని కూడా రాశారు. ఈడ్చాల్సివస్తే మీరే నన్ను ఈడుస్తారు లెండి. మీరు రావాలని నాకుంది. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఉత్తరం చివరికి వచ్చేసరికి మీరు మనసు మార్చుకోవచ్చు. వస్తారో రారో చెప్పేముందు మీరు నా నుంచి వినవలసిన సంగతి ఒకటుంది. అది వినకుండా ఆ మనుషులతో మిమ్మల్ని బస్సెక్కించడం సరికాదు. కానీ దానితో మొదలుపెడితే చెప్పుల దాకా రాలేను. కాబట్టి ముందు మీ ప్రశ్నలు.

చెప్పులు కొత్తవి కొనకండి. అందరూ చేసే తప్పు అదే. ప్రయాణమని కొత్త బూట్లు కొంటారు, రెండో రోజుకల్లా మడమలకు ప్లాస్టర్లు వేసుకుని, చూడవలసిన బొమ్మల్ని వదిలేసి కూర్చోడానికి బల్ల ఎక్కడుందా అని చూస్తుంటారు. మీరు ఉదయం నడకకు వేసుకునే ఆ బూడిదరంగు బూట్లే తెచ్చుకోండి. వాటిని చూసి వదిన సిగ్గుపడితే పడనివ్వండి, వదిన రావడం లేదుగా.

బస్సు వదిలేసి పోతుందేమోనని అడిగారు. పోదు. గైడమ్మాయి మడిచిన పసుపు గొడుగు ఒకటి పైకెత్తి పట్టుకుని నడుస్తుంది, మనం దాని వెనకాల నడవడమే. ఆ అమ్మాయి తలలు లెక్కపెట్టదు. బస్సు కదిలేముందు మైకులో, "అందరూ మీ పక్కనున్నవాళ్ళు వచ్చారో లేదో చూసుకోండి" అంటుంది. అందరూ పక్కకి తిరుగుతారు. చాలామంది దంపతులు కాబట్టి ఆ పద్ధతి బాగానే నడిచింది. నా పక్క సీటు ఖాళీ. మొదటి రోజు నేను ఖాళీ సీటు వైపు తిరిగి చూసి, ఉన్నట్టా లేనట్టా అని ఆలోచిస్తుంటే, ముందు సీట్లో ఉన్నావిడ వెనక్కి తిరిగి, "నిన్నెవరూ చూసుకోవడం లేదు, నువ్వు మా లెక్కలోకి రామ్మా" అంది. మీకు ఫోన్ చేసిన టీచరమ్మ ఆవిడే. పక్కన ఆవిడ భర్త, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. అప్పటినుంచి ప్రతిచోటా బస్సెక్కగానే ఆవిడ భర్తను చూసుకుని, తర్వాత నన్ను చూసుకుని, "ఇద్దరూ ఉన్నారు" అనేది.

దారిలో అవసరాలకు బస్సు ఆపుతారు. ఆ భయంతో నీళ్ళు తాగడం మానేసి తల తిరిగి పడిపోయేవాళ్ళు ప్రతి గ్రూపులోనూ ఉంటారట. మీరు మానకండి. ఆపమని అడగడానికి మొహమాటపడే మనిషి కారు కదా మీరు. గైడమ్మాయి చెప్పేవి వినడానికి చెవిలో పెట్టుకునే యంత్రం ఇస్తారు. అందులో సగం గరగర, సగం చరిత్ర. కోటలకీ మ్యూజియాలకీ ఇచ్చే టైము తక్కువ, షాపులకిచ్చేది ఎక్కువ. ఇది ఏ టూర్‌లోనైనా అంతేనట. ఈ "అట"లన్నీ బస్సులో విన్నవే. అక్కడ ప్రతివాళ్ళకీ ఇదివరకటి టూర్ ఒకటి ఉంటుంది. కళ్ళెదుట సరస్సు కనిపిస్తుంటే, "పోయినసారి మేం చూసిన సరస్సు దీనికి అమ్మమ్మ" అంటారు. పెట్టె ఎలా సర్దాలి, ఏ పక్కన కూర్చుంటే ఎండ పడదు, పొద్దుటి టిఫిన్ దగ్గర ఏ వరుస తొందరగా కదులుతుంది, అన్నీ చెప్పుకుంటూనే ఉంటారు. కొంతమంది సలహాలు చెప్పడానికే టూర్‌కు వస్తారేమో అనిపించింది. నవ్వొచ్చే విషయమే. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఆఫీసు సంగతి అడిగారు. ఆరో తరగతి సైన్సు పుస్తకానికి పాఠాల చివరి ప్రశ్నలు సరిచూస్తున్నాను. జవాబుల పేజీలో ఒకే తప్పును మూడు ప్రూఫుల్లోనూ వదిలేశాను. నీరు మరిగే ఉష్ణోగ్రత దగ్గర నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత వేసి ఉంది. మా మేనేజరు దాన్ని పెన్సిలుతో దిద్ది కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు, ఒక్క మాట అనలేదు. కొన్నాళ్ళుగా అందరూ అంతే. తిట్టి ఉంటే బాగుండేదని కూడా అనిపించలేదు నాకు. తప్పు చూశాను, ఓహో అనుకున్నాను, టీ తాగాను.

ఇంట్లో కొత్త విశేషాలేం లేవు. నీళ్ళు ఆగిపోయినప్పుడు మాత్రం పక్కింటివాళ్ళు ఇప్పటికీ మన తలుపే కొడతారు. ఆయన నీటి సరఫరా ఆఫీసు ఇంజనీరు కాబట్టి, నీళ్ళు ఎప్పుడొస్తాయో మన ఇంట్లో అడిగితే తెలుస్తుందని వాళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటు. మొన్న పైఅంతస్తు ఆవిడ బకెట్టుతో సహా వచ్చి, నేను తలుపు తీశాక గుర్తొచ్చి, "ఏం లేదు, ఊరికే, బాగున్నావా అని" అంది. చేతిలో బకెట్టు. బాగున్నానని చెప్పాను.

మీ ప్రశ్నలు అయిపోయినట్టున్నాయి. ఇప్పుడు మీరు ప్రశ్నగా అడగని సంగతికి వస్తాను.

మీ ఉత్తరం రెండో పేజీలో ఇలా రాశారు: "మీ టీచరమ్మ ఫోన్ చేసింది. మంచి మనిషి, కాకపోతే ఊపిరి తీసుకోవడం మర్చిపోయి మాట్లాడుతుంది. పోయినసారి టూరంతా మావాడి సలహాలతోనే గడిచిందట. ఈసారైనా వాడికి సెలవు దొరుకుతుందా అని అడిగింది. చూద్దామండి అన్నాను." ఆ తర్వాతి వాక్యం చెప్పుల గురించి.

మీరింకేమీ అడగలేదు. నేనేం చేశానో అడగలేదు, నాకేమైనా మతి పోయిందా అని అడగలేదు. ఆ ఐదు వాక్యాల దగ్గరే కాగితం మెత్తబడింది అత్తయ్యగారూ.

జరిగింది ఇది. ఆయన పోయాక ఆ టూర్‌కు నన్ను పంపింది మీరు. "ఎంతకాలమని ఆ గోడలు చూస్తావు, పోయి వేరేవాళ్ళ గోడలు చూసిరా" అన్నారు. వెళ్ళాను. మొదటి రోజు బస్సులో టీచరమ్మ వెనక్కి తిరిగి, "మీవారు రాలేదేమ్మా?" అంది. "రాలేదండీ" అన్నాను. అది నిజమే కదా. "సెలవు దొరకలేదా?" అంది. నేను తలూపాను. అంతే. అబద్ధం ఆడాలని అనుకోలేదు. నిజం చెబితే ఆవిడ మొహం ఎలా మారుతుందో, తర్వాత ఏ మాటలు వస్తాయో, దానికి నేనేం జవాబు చెప్పాలో అంతా కనిపించింది. అంత పని చేసే ఓపిక లేక తలూపాను. దాహం వేయనప్పుడు కూడా ఎవరైనా నీళ్ళిస్తే తీసుకుంటాం కదా, అలాగ.

తర్వాత సలహాల కచేరీ మొదలైంది. అందరూ తలా ఒకటి చెబుతున్నారు. నాకు ఇదివరకటి టూర్ ఏదీ లేదు. ఆయనకు మాత్రం ఎన్నో ఉన్నాయి, అన్నీ భోజనాల బల్ల మీదే. మీకు తెలుసుగా, వెళ్ళని ఊళ్ళ మ్యాపులు పరుచుకుని, స్టేషన్లో దిగి ఎటు తిరగాలో నాకు వేలితో చూపించేవారు. "ఒకరి పెట్టెలో ఇంకొకరి బట్టలు ఒక జత పెట్టుకోవాలి, ఒక పెట్టె పోయినా కట్టుబట్టలతో మిగలం అని మావారు అంటారు" అన్నాను. బ్యాంకాయన వెనక్కి తిరిగి మరీ మెచ్చుకున్నాడు. "చూశావా, ఇంత తెలివి నీకెప్పుడైనా తట్టిందా" అని టీచరమ్మ ఆయన్ను సాధించింది. అప్పటినుంచి ఏ చిన్న సందేహం వచ్చినా, "మీవారిని అడగమ్మా" అనేవాళ్ళు. నేను, "ఉండండి, మావారిని అడిగి చెబుతాను" అనేదాన్ని.

అడిగేదాన్ని కూడా. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఏ స్తంభం పక్కకో వెళ్ళి కాసేపు నిలబడేదాన్ని. ఏదో ఒక జవాబు వచ్చేది. వెనక్కి వచ్చి అది చెప్పేదాన్ని. కొన్నిసార్లు వచ్చినది అచ్చం ఆయన మాటే. కొన్నిసార్లు నా మాటకే ఆయన పేరు పెట్టానేమో. ఏది ఎవరిదో ఇప్పుడు తేల్చలేను, అప్పుడూ తేల్చలేదు. బాధగా ఉండేదా అంటే, లేదు. సంతోషంగానూ లేదు. చేతికి మత్తు ఇంజక్షను ఇచ్చాక సూది గుచ్చితే గుచ్చినట్టు తెలుస్తుంది కదా, అంతవరకే తెలిసేది. కానీ నిద్ర పట్టేది. ఇంటి దగ్గర పట్టని నిద్ర అక్కడ పట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం గైడమ్మాయి మమ్మల్ని ఒక సరస్సు ఒడ్డున వదిలి, "ఈ పూట మీ ఇష్టం, పడవ ఎక్కుతారో కొండ మీది పాత బురుజు ఎక్కుతారో" అంది. టీచరమ్మ నావైపు చూసింది. నేను స్తంభం దగ్గరికి వెళ్ళి వచ్చి, "బురుజు అంటున్నారు. పడవలోంచి బురుజొక్కటే కనబడుతుంది, బురుజు మీంచి పడవలన్నీ కనబడతాయట" అన్నాను. ఆ మాట ఆయనది కాదని మీరు కూడా అనలేరు. నాలుగైదు జంటలు పడవ మానుకుని మాతో వచ్చాయి. ఎండలో రాతి మెట్లన్నీ ఎక్కాక చూస్తే తలుపుకు తాళం. మరమ్మతులట. కిందికి దిగేసరికి పడవ ఎక్కినవాళ్ళు తడిసిన జుట్టుతో, నవ్వుతూ, మొబైళ్ళలో తెల్లటి కొంగల ఫొటోలు చూపిస్తున్నారు.

బ్యాంకాయన మెట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, "ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని దారులు చెప్పేవాళ్ళకేం, ఎక్కేది మనం కదా" అన్నాడు.

"ఆయన్ని ఏమీ అనకండి" అన్నాను.

"ఏదో సరదాకన్నానమ్మా."

"సరదాకి కూడా అనకండి. మీరు అడిగారని ఆయన చెప్పారు. తాళం వేసి ఉంటుందని ఆయనకు కలొచ్చిందా? ఒక్కరిని కూడా కావాలని తిప్పలు పెట్టిన మనిషి కాదు. కావలిస్తే వచ్చి మా వీధిలో అడగండి."

గొంతు నాదే. అంత గట్టిగా పలుకుతుందని మర్చిపోయాను. మొహం వేడెక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. టీచరమ్మ భర్త వైపు కళ్ళెర్రజేసి, "రిటైరైనా మీ నోటికి రిటైర్‌మెంట్ లేదా" అంది. మా ఆయన పోయాక నాకు మనసులో ఏదైనా కదిలిందంటే అదొక్కసారే. ఏడుపు కాదు, ఒట్టి కోపం. మరుసటి రోజుకు అదీ పోయింది. సాయంత్రం భోజనాల దగ్గర బ్యాంకాయన ప్లేటు పట్టుకుని నా పక్కకి వచ్చి, చిన్నగా, "మీవారికి చెప్పకమ్మా నేనన్నమాట" అన్నాడు.

"చెప్పను లెండి" అన్నాను.

ఇంటికి వచ్చాక కూడా వాళ్ళకు నిజం చెప్పలేదు. కొత్త టూర్ మాట వచ్చినప్పుడు, మీకు ఆసక్తి ఉందని చెప్పి, టీచరమ్మకు మీ నంబరు నేనే ఇచ్చాను. ఆవిడ మీతో ఏం మాట్లాడుతుందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నమ్ముతారో లేదో, నిజంగా తట్టలేదు. కన్నతల్లి చెవిలో ఆ మాట పడుతుందని తట్టనంత మొద్దుబారిపోయాను. దీనికి క్షమించమని అడుగుతున్నాను. తక్కినదానికి అడగాలో వద్దో నాకు తెలియడం లేదు.

మీరు "చూద్దామండి" అన్నారు. ఆ మాట అన్నందుకు నేనేమీ అనుకోవడం లేదు. అన్న తర్వాత మీకెలా ఉండి ఉంటుందో కూడా నాకు తెలుసు. ఆ ఒక్క నిమిషం కొడుకు ఆఫీసులో ఉన్నాడు, సెలవు చీటీ పెట్టుకోవాలి, అంతే. చాలా తేలిగ్గా ఉంటుంది. మీ ఉత్తరం చదివిన మొదటిసారి నాకొక ఆలోచన వచ్చింది. మనిద్దరం కలిసి వెళితే నేనొక్కదాన్నే మోయక్కర్లేదు, నేను మర్చిపోయినచోట మీరు అందుకుంటారు, టూరంతా ఆయన మన మధ్య మాటల్లో హాయిగా తిరుగుతారు. మీరూ అదే అనుకుని ఆ మాట రాశారా? లేక నేను దీన్నుంచి బయటపడేదాకా ఆ అబద్ధాన్ని నాకోసం పట్టి ఉంచారా? ఎన్నిసార్లు చదివినా తేలలేదు. మీ దగ్గర ఉంటే మీ మొహం చూసి తెలుసుకునేదాన్ని.

నిన్నటిదాకా ఈ ఊగిసలాటలోనే ఉన్నాను. నిన్న ఆఫీసులో ప్రూఫులు చూస్తుంటే టూర్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఎవరో అమ్మాయి, చాలా చురుగ్గా మాట్లాడుతోంది.

"మేడమ్, మీ పేరు మీద మూడు సీట్లు ఆపి ఉంచాం. మీరు, మీ అత్తగారు, మీవారు. మీవారి పాస్‌పోర్టు కాపీ ఒక్కటి పంపాలి."

మీరు చూద్దామన్నారని టీచరమ్మే ఉత్సాహంగా మూడో సీటు చెప్పి ఉంచిందట.

"ఆయన రావడం లేదు" అన్నాను.

"అప్పుడే తీసేయమంటారా మేడమ్? ఇంకా టైముంది. చాలామందికి సెలవు ఆఖరి నిమిషంలో దొరుకుతుంది. నేను ఉంచుతాను, పర్లేదు."

మంచి అమ్మాయి. ఉంచుతానంటోంది. సరే అంటే సరిపోయేది. తలూపినంత తేలిక. నేను, "లేదమ్మా, ఆయన చనిపోయారు" అన్నాను.

అత్తయ్యగారూ, ఆ మాట నేను నోటితో అనడం అదే మొదటిసారి. పంపుహౌసు దగ్గర ఆయన పడిపోయిన రోజు వాళ్ళ ఆఫీసు మనిషి వచ్చి నాకు చెప్పాడు. తర్వాత మా తమ్ముడు అందరికీ ఫోన్లు చేశాడు. మీకు వదిన చెప్పింది. వచ్చినవాళ్ళందరూ తెలిసే వచ్చారు. నేను ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. ఇన్నాళ్ళకు, మొహం కూడా తెలియని ఒక పిల్లకు, చేతిలో ఎర్రపెన్ను పట్టుకుని, పక్క బల్లవాళ్ళు వింటుండగా చెప్పాను. చెప్పాక ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పక్క బల్లావిడ టైపు చేయడం ఆపి, కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ అమ్మాయి మెల్లగా, "అయితే రెండు సీట్లు ఉంచుతాను మేడమ్. పక్కపక్కనే" అంది. కిటికీ వైపు ఎవరికి అని అడిగింది. మీకని చెప్పాను.

ఈ ఉత్తరం పోస్టు చేసి వచ్చాక టీచరమ్మకు ఫోన్ చేస్తాను. ఆవిడ ఏమంటుందో తెలియదు. బాధపడుతుంది, బహుశా కోపం కూడా వస్తుంది. బ్యాంకాయనకైతే ఆ మెట్ల దగ్గరి మాట గుర్తొచ్చి అన్నం సహించదు. మీరు వాళ్ళకేమీ సర్దిచెప్పక్కర్లేదు, ఆ పని నాది. టూర్‌లో ఎవరైనా ఆయన గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుదాం. మీకు నోరు రాకపోతే నేను చెబుతాను. ఒకసారి చెప్పినదాన్ని కాబట్టి రెండోసారి వస్తుందనే అనుకుంటున్నాను, అనుమానమూ ఉంది.

మీరు రావాలి. నేను చేసినది తెలిశాక నా పక్కన కూర్చోవడానికి మనసొప్పకపోతే బలవంతం చేయను, ఒక్క మాట కూడా అడగను. కాకపోతే ఆ సంగతి టూర్ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి చెప్పండి. ఇంకొకరు కూడా రావడం లేదని చెప్పడం నావల్ల కాదు.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తూ,
మీ కోడలు